రెండో బేసు కింద నరకం

ఆ శనివారం పొద్దున మిహాల్ హుడాక్ పెట్టుకున్న పని ఒక్కటే. మధ్యాహ్నం ఆట మొదలయ్యేలోపు మైదానం ఆరబెట్టాలి. రాత్రంతా వాన పడింది. పరుగు తీసేవాళ్లు తొక్కే నాలుగు బేసుల మధ్య మట్టి రొచ్చురొచ్చుగా ఉంది. ఆ లీగులో మైదానాలు చూసుకునే వాళ్లందరూ చేసే పనే అతనూ చేశాడు. డబ్బాడు పెట్రోలు తెచ్చి మట్టి మీద చల్లి అగ్గిపుల్ల గీశాడు. తడి పోవడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు. అప్పుడప్పుడు కనుబొమలు కాలతాయి. అంతే.

హారోక్రీక్ బొగ్గు గనుల ఊరు. అక్కడ చదునైన నేల దొరకదు. పాతబడిన గని గొయ్యి ఒకదాన్ని బొగ్గు చెత్తతో పూడ్చి, పైన జానెడు మట్టి పోసి, కంపెనీ వాళ్లు దాన్నే బేస్‌బాల్ మైదానం అన్నారు. ఆ సంగతి మిహాల్‌కు బాగా తెలుసు. ఆ గొయ్యి తవ్విన వాళ్లలో అతనొకడు. ఆ పొద్దున మాత్రం గుర్తు రాలేదు.

రెండో బేసు పక్కన వాన నేలను చీల్చి వేలెడు వెడల్పున పగులు తీసింది. పెట్రోలు అటు పారింది. మిహాల్ చూస్తుండగానే గుటగుటమని లోపలికి దిగిపోయింది. మంట దాని వెనకే వెళ్లింది. కింద ఎక్కడో ధబ్బుమంది. ఆ తరవాత ఏ చప్పుడూ లేదు.

మిహాల్ కాసేపు నిలబడి చూశాడు. పగులు మీద మట్టి కప్పి కాలితో తొక్కాడు. రెండో బేసు తెల్ల సంచీని జరిపి దాని మీద పెట్టాడు. పని అయిపోయిందనుకున్నాడు.

అతనికి అరవై దగ్గర పడ్డాయి. ఊపిరితిత్తుల నిండా బొగ్గు దుమ్ము పట్టాక గని అతన్ని బయటికి పంపింది. పనితోపాటు కంపెనీ ఇచ్చిన ఇల్లూ పోయింది. ఆ చలికాలంలోనే భార్య జుజానా కూడా పోయింది. మైదానం గ్యాలరీ కింద బ్యాట్లు, సున్నం బస్తాలు పెట్టుకునే గది ఒకటి ఉంది. బస్తాలను ఒక పక్కకు నెట్టి అతను అందులో చేరాడు. కిటికీలోంచి గుట్ట మీద సమాధుల తోట కనిపిస్తుంది. రోజూ సాయంత్రం అక్కడికి వెళ్లి జుజానా సమాధి పక్కన కూర్చుని, ఆ రోజు ఎవరెవరు ఎంత వెధవ పనులు చేశారో చెబుతాడు. బతికున్నప్పుడు ఆమె అతన్ని ఒక్క మాట పూర్తి చేయనిచ్చేది కాదు. ఇప్పుడు వింటోంది. అతనికి మిగిలిన సుఖం అదొక్కటే.

ఆ సుఖానికి ఎసరు పెట్టగలిగింది కూడా ఒక్కటే. జట్టు ఊరు వదిలిపోవడం.

జట్టు యజమాని ఐవర్ ప్రాసర్ శవపేటికల వ్యాపారి. పై ఊళ్లకు ఆటగాళ్లను తన పాత శవాల బండ్లలోనే తోలుకెళ్తాడు. ఊళ్లో చావులు బాగానే సాగుతున్నాయి గాని ఆటకు జనం రావడం లేదు. కొండల కింద, ఏటి పక్కన కాల్డర్ అనే ఊరుంది. అక్కడ గస్ ఆమ్‌రైన్ అనే బీరు కర్మాగారం ఆసామి ఉన్నాడు. సారా మీద నిషేధం ఎత్తేశాక అతని దగ్గర డబ్బు ఊరుతోంది. జట్టును కొని కాల్డర్‌కు తరలిస్తానని ప్రాసర్ చుట్టూ తిరుగుతున్నాడు. ప్రాసర్ ఇదిగో అదిగో అంటున్నాడు. జట్టు పోతే కంపెనీ మైదానానికి తాళం వేస్తుంది. మిహాల్‌ను కొండ అవతల దిక్కులేని ముసలివాళ్లను ఉంచే సర్కారు ఆశ్రమానికి పంపుతారు. అక్కణ్నుంచి గుట్ట కనిపించదు.

అందుకే ఆ మధ్యాహ్నం ఆట మధ్యలో రెండో బేసు పక్కనుంచి సన్నగా పొగ లేచినప్పుడు మిహాల్ చీపురు పట్టుకుని అటు పరిగెత్తాడు. మైదానం పాడు చేశాడని తెలిస్తే ప్రాసర్ ఇక ఇదిగో అదిగో అనడు. ఆ రోజే సంతకం పెడతాడు.

"ఏమిటయ్యా అది?" అంపైరు ఆట ఆపి అరిచాడు.

"ఆవిరి," అన్నాడు మిహాల్.

"పొగలా ఉందే?"

"తడి నేలకి ఎండ తగిలితే ఆవిరి కాక వెన్న వస్తుందా?"

అంపైరు తలెత్తి ఆకాశం చూశాడు. అంతా మబ్బు. ఒకసారి మిహాల్ మొహం చూశాడు. సాయంత్రం తను రైలు అందుకోవాలి. "సరే, ఆడండి," అన్నాడు.

హారోక్రీక్ చుట్టూ బొగ్గు చెత్త గుట్టలు ఏళ్ల తరబడి రగులుతూనే ఉంటాయి. కుళ్లిన గుడ్ల వాసన ఆ ఊరికి గాలి లాంటిది. ఇంకొక పొగను ఎవరు పట్టించుకుంటారని మిహాల్ ధైర్యం తెచ్చుకున్నాడు. గ్యాలరీలో ఎవరూ నోరెత్తకపోయేసరికి ఆ ధైర్యం ఇంకాస్త గట్టిపడింది.

రెండో బేసు దగ్గర ఆడేవాడు బెన్నీ యూరస్. ముప్పయ్యేళ్లు దాటినవాడు, ఒళ్లు బరువు. అతను ఆ జట్టుకు ఎలా వచ్చాడో ఎవరైనా అడిగితే చెప్పడు. పాత జట్టు వాళ్లు అతన్ని ఇచ్చి గ్యాలరీలో వేసుకునే బల్లలు పుచ్చుకున్నారు. ఆ లీగులో అది వింత కాదు. బ్యాటు వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్‌ను ఒకణ్ని చెక్క కంచెకు మార్చుకున్నారు. బంతి విసిరే పిచ్చర్‌ను ఒకణ్ని వాడిన బస్సు టైర్లకు ఇచ్చారు. టైర్లు ఎక్కువ కాలం వచ్చాయి.

"బాబాయ్," అన్నాడు బెన్నీ ఆట మధ్య విరామంలో, "నా బూట్లు వేడెక్కుతున్నాయి."

"కొత్తవి కొనుక్కో."

"పాతవే వేడెక్కుతున్నాయి అంటున్నా."

"నిలబడి నిద్రపోతే ఎవడి కాళ్లయినా వేడెక్కుతాయి. కదులుతూ ఉండు."

బెన్నీ కదిలాడు. కదలక తప్పలేదు. ఆ రోజు నుంచి అతను ఒక కాలు కింద పెడుతూ ఒక కాలు ఎత్తుతూ, పెనం మీద కోడిపుంజులా ఎగురుతూ ఆడాడు. ఎగురుతున్నాడు కాబట్టి బంతి ఎటు వచ్చినా అందేది. కొండ కింది పత్రిక అతని కాళ్ల చురుకు గురించి పెద్ద పెద్ద మాటలు రాసింది. అవతలి జట్టు వాళ్లు పరిగెత్తుకుంటూ రెండో బేసు దాకా వచ్చి, అక్కడ కాలు నిలవక మూడో బేసుకు ఉరికి అవుటయ్యేవారు. ఒకడు నేల మీద జారుకుంటూ వచ్చి, లేచి, వెనక భాగం తడుముకుంటూ నేరుగా నీళ్ల తొట్టిలోకి వెళ్లి కూర్చున్నాడు. హారోక్రీక్ జట్టు గెలవడం మొదలుపెట్టింది. ఊరు దానికి సిద్ధంగా లేదు.

మిహాల్ ఊరుకోలేదు. రోజూ పొద్దున్నే బకెట్లతో నీళ్లు మోసి పగుల్లో పోశాడు. నేల బుస్సుమని అతని మొహాన ఆవిరి కొట్టింది. బంకమట్టి కూరాడు. పొగ ఇంకో మూరెడు దూరం పోయి అక్కడ లేచింది. చివరికి రెండో బేసునే వేడి నుంచి దూరంగా జరపసాగాడు. ఇవాళ ఒక అడుగు. రెండు రోజులాగి ఇంకొక అడుగు. తిన్నగా ఉండాల్సిన నలుచదరం గాలిపటంలా ఒక పక్కకు సాగింది.

"బాబాయ్, ఈ బేసు నడుస్తోందా ఏంటి?" అన్నాడు బెన్నీ. "నిన్న ఇక్కడుంది."

"నువ్వే మారావు. పత్రిక వాళ్లు పొగిడాక నీకు ఏదీ ఉన్నచోట కనిపించడం లేదు."

అవతలి క్యాచర్లు అలవాటు కొద్దీ రెండో బేసు ఉండాల్సిన చోటికి విసిరేవారు. బంతి ఎవరూ లేని చోట పడేది. హారోక్రీక్ వాళ్లు పరుగెత్తేవారు. ఓడినవాళ్లకు కారణం అంతుబట్టలేదు. పై ఊళ్ల వాళ్లు తమ క్యాచర్లను తిట్టుకుని, ఒకరిద్దరిని చవగ్గా అమ్మేసుకున్నారు కూడా.

జూన్‌లో వానలు దిగాయి. లీగులో ప్రతి మైదానమూ చెరువైంది. వారంపాటు ఆటలన్నీ రద్దయ్యాయి, హారోక్రీక్‌లో తప్ప. అక్కడ వాన పడుతూనే ఉంది, నేల ఆరుతూనే ఉంది. ప్రాసర్ గొడుగు పట్టుకుని వచ్చి, వంగి, అరచేత్తో మట్టి తడిమి చూశాడు. చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"ఏం చేస్తున్నావు మిహాల్ దీన్ని?"

"ఏం చెయ్యడం లేదు."

ప్రాసర్ అతన్ని చాలాసేపు చూశాడు. శవాన్ని కొలతలు తీసుకునేటప్పుడు చూసే చూపు అది. "అలాగే ఏం చెయ్యకుండా ఉండు," అని వెళ్లిపోయాడు. మర్నాడు పత్రిక వాళ్లకు తన మైదానం మనిషికి సాటి వచ్చేవాడు రాష్ట్రంలోనే లేడని చెప్పాడు. ఎలా ఆరబెడతాడో తనకు కూడా చెప్పడన్నాడు.

ఇక పాస్టరు బెవన్ సంగతి. పోయిన నవంబరులో ఊరు ఓట్లు వేసి ఆదివారం ఆటకు ఒప్పుకున్నప్పటి నుంచి ఆయన కడుపు మండుతోంది. ఆదివారం ఖాళీ బల్లలకు ప్రసంగం చెప్పి చెప్పి ఆయన గొంతు కూడా మారిపోయింది. రెండో బేసు పొగ సంగతి ఆయన చెవిన పడింది. ఆ వారం బల్ల గుద్ది చెప్పాడు.

"దేవుడి దినాన ఆడతారా? ఆడండి! ఆ నేల కింద నరకం నోరు తెరిచింది! నా మాట నమ్మొద్దు. పోయి మీ కళ్లతో చూడండి!"

పోయి చూడమనకుండా ఉండాల్సింది. ఆ వచ్చే ఆదివారం ప్రార్థన ముగియగానే జనం నల్ల కోట్లతో, చేతుల్లో బైబిళ్లతో నేరుగా మైదానానికి వచ్చారు. జన్మలో ఆట చూడని ముసలమ్మలు వచ్చారు. పక్క ఊళ్ల నుంచి కూడా వచ్చారు.

"నరకం ఏ వైపు బాబూ?" అని ఒకావిడ టికెట్ల కిటికీ దగ్గర అడిగింది. "దానికి దగ్గర్లో ఒక సీటివ్వు. నాకు చూపు ఆనదు."

గ్యాలరీ నిండింది. ప్రాసర్ నరకం వైపు టికెట్లకు వేరే రేటు పెట్టాడు. ఆ సాయంత్రం మిహాల్ గుట్ట ఎక్కి జుజానాకు అంతా చెప్పాడు. "జట్టు పోదే ఇక. పాస్టరే నిలబెట్టాడు. ఆ మనిషికి తెలిస్తే గుండె ఆగి చస్తాడు." చాలా నెలల తరవాత అతనికి ఆ రోజు ఆకలి వేసింది.

కాని ఆ తరవాతి ఆదివారం గాలి లేదు. పొగ లేవలేదు. మొదటి గంటలోనే జనం గొణగడం మొదలుపెట్టారు. డబ్బు తిరిగిమ్మని ముసలావిడ కిటికీ దగ్గర పేచీ పెట్టుకుంది. ప్రాసర్ గ్యాలరీ వెనక్కి వచ్చాడు.

"మిహాల్, ఇవాళ ఆవిరి తక్కువుంది."

"ఎండ తక్కువుంది."

"ఏదో ఒకటి చూడు. వీళ్లు రావడం మానేస్తే నేను ఆమ్‌రైన్‌తో మళ్లీ మాట్లాడుకోవాల్సి వస్తుంది."

అలా, నెల్లాళ్లపాటు ఆ మంటను దాచడానికి నడుం విరిగేలా నీళ్లు మోసినవాడు, అప్పటి నుంచి దాన్ని చూపించడానికి నడుం విరిగేలా నీళ్లు మోశాడు. ప్రతి ఆదివారం ఆట మధ్యలో నేల తడపడానికి వచ్చినట్టు వచ్చి, బకెట్టు పగుల్లో కుమ్మరించేవాడు. భుస్సుమని తెల్లటి ఆవిరి తాటిచెట్టంత లేచేది. జనం ఒక్కసారిగా "ప్రభువా!" అనేవారు. బెన్నీ ఆవిరిలోంచి దగ్గుకుంటూ బయటికి వచ్చేవాడు. పాస్టరు గారు కంచె అవతల నిలబడి లెక్క చూసుకునేవాడు, ఎవరెవరు తన గొర్రెలో అని. ఆయన ప్రార్థనకు కూడా జనం పెరిగారు. నరకం చూసి వెళ్లినవాళ్లు తరవాతి వారం పొద్దున ప్రార్థన ఎగ్గొట్టకుండా కాస్త జాగ్రత్తపడేవారు.

కాల్డర్ నుంచి గస్ ఆమ్‌రైన్ జూలైలో వచ్చాడు. కుండపోత వాన. అతని టోపీ అంచు నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. కాళ్ల కింద మాత్రం దుమ్ము లేస్తోంది. అతను ఆట చూడలేదు. నేలనే చూశాడు.

ప్రాసర్ జట్టును అమ్మనని తేల్చి చెప్పాడు. ఆమ్‌రైన్ ఇంకో కొండ ఊళ్లో తిండికి లేక చస్తున్న జట్టును కొని, నడి సీజన్లో రెండు లారీల్లో ఎక్కించి కాల్డర్‌కు తరలించాడు. ఏటి పక్కన ఆవులు మేసే పచ్చిక బయల్లో గ్యాలరీ కట్టాడు. ఊళ్లో బ్యాండు మేళం పెట్టాడు. అక్కడ ఆడిన ఆటలకన్నా వాన వల్ల ఆగిపోయినవే ఎక్కువ. బ్యాట్‌తో కొట్టిన బంతి ఒకటి నీళ్లలో తేలుకుంటూ ఏట్లోకి వెళ్లిపోయింది.

అతను మళ్లీ హారోక్రీక్ వచ్చాడు. ఈసారి తిన్నగా మిహాల్ దగ్గరికి.

"ఏం పోస్తావు పెద్దాయనా ఈ మట్టిలో?"

"నీళ్లు."

ఆమ్‌రైన్ నవ్వాడు. "చెప్పవన్నమాట."

"చెప్పాను కదా. నీళ్లు పోస్తాను. అది ఆరిపోతుంది. నాకేం తెలీదు."

"మంచిది, మంచిది. నా బీరులో ఏం వేస్తానో నేనూ మా ఆవిడకి కూడా చెప్పను." మిహాల్ భుజం తట్టి, ప్రాసర్‌ను వెతుక్కుంటూ వెళ్లాడు. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు.

సాయంత్రం బెన్నీ పళ్లికిలిస్తూ గది గుమ్మంలో నిలబడ్డాడు.

"బాబాయ్, నిన్ను మార్చేశారు."

"ఏం మార్చారు?"

"కాల్డర్‌కి. నీ బదులు ఒక షార్ట్‌స్టాప్, ఒక ఎడమచేతి పిచ్చర్. ఇద్దరు మనుషులు! నన్ను బల్లలకిచ్చారు. అందులో ఒకటి విరిగింది కూడా. ఇద్దరు బతికున్న మనుషులు బాబాయ్, ఒకడికి పళ్లన్నీ ఉన్నాయట!"

మిహాల్ కోటు వేసుకోకుండానే నడిచాడు.

ప్రాసర్ కొట్టు వెనక చావిట్లో ఓక్ పలక మీద చిత్రిక పడుతున్నాడు. నేలంతా చెక్క పొరలు చుట్టలు చుట్టలుగా పడి ఉన్నాయి.

"నేను పోను," అన్నాడు మిహాల్.

"మాట ఇచ్చేశాను."

"మైదానం ఊడ్చేవాణ్ని. ఆటగాణ్ని కాను, మార్చుకోవడానికి."

"మార్చుకోకూడదని లీగు నియమాల్లో ఎక్కడా లేదు. చూశాను."

మిహాల్ ఇంకో అడుగు దగ్గరికి వచ్చాడు. ఇక మిగిలిన దారి ఒక్కటే. ఆ మంట బయటపెడితే బేరం చెడుతుంది. ఆ తరవాత ఏమైనా కానీ, కనీసం ఈ ఊళ్లోనే అవుతుంది.

"ప్రాసర్ గారూ, ఆ నేల నేను ఆరబెట్టడం లేదు. కింద బొగ్గు అంటుకుంది. నేనే అంటించాను, మేలో. ఆవిరి కాదది."

చిత్రిక ఆగలేదు. "తెలుసు."

"ఏం తెలుసు?"

"మిహాల్, ఈ ఊళ్లో గనిలో దిగని మగాడు ఎవడు? గని రగిలితే వాసన తెలియనివాడెవడు? మొదటి శనివారమే అందరికీ తెలిసింది. బెన్నీకి తెలుసు. అంపైరు వాళ్ల మామయ్య గని మంటలోనే పోయాడు, పెట్టె నేనే చేశాను. పాస్టరు గారు వాళ్ల దేశం వేల్స్‌లో ఎన్నో ఏళ్లు బొగ్గు కొట్టాడు. ఎందుకు తెలీదు?"

"మరి ఎవరూ అనలేదే!"

"అంటే కంపెనీ మైదానం మూస్తుంది. వారానికి ఒక్క పూట, అది కూడా లేకపోతే ఇంట్లో కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి. పైగా నువ్వు అంత కష్టపడి దాస్తున్నావు. నీ మాట కాదనడం దేనికని ఊరుకున్నారు. సారాకొట్లో రోజూ నీ ఆవిరి ముచ్చటే. 'ఎండ తగిలితే వెన్న వస్తుందా' అని ఒకడంటే పదిమంది నవ్వుతారు."

మిహాల్ చావిడి గోడకు ఆనుకున్నాడు. మూడు నెలలు అతను ఎవరి కళ్లు కప్పాడో అర్థం కాలేదు.

"తెలియనివాడు ఒక్కడే," అన్నాడు ప్రాసర్ పలక చివర ఊదుతూ. "ఆమ్‌రైన్. అందుకే అతనికి ఇచ్చాను. తెలిసినవాడికి నిన్ను ఇస్తే బల్ల కూడా రాదు."

"జట్టు ఇక్కడే ఉంటుందా?"

"ఉండక? ఇంత మంచి నరకం వదులుకుని ఎక్కడికి పోతుంది?"

"నా గది?"

"షార్ట్‌స్టాప్‌కి ఇచ్చాను."

మిహాల్ చెప్పకూడదనుకున్నది చెప్పాడు. "జుజానా ఇక్కడ ఉంది."

అప్పుడు మొదటిసారి చిత్రిక ఆగింది. ప్రాసర్ నొచ్చుకున్నాడనే చెప్పాలి. "ఆమె ఎక్కడికీ పోదు మిహాల్. పూడ్చింది నేనే కదా." మళ్లీ చిత్రిక అందుకున్నాడు. "నువ్వు పోకపోతే మాత్రం, ఆ నిప్పు ఎవరు పెట్టారని కంపెనీ ఎప్పుడో ఒకప్పుడు అడుగుతుంది. ఎవరో ఒకరు చెప్పాల్సి వస్తుంది. జైల్లోనూ కిటికీ ఉంటుందిలే. గుట్ట వైపు ఉండదు, అంతే."

ఆ సాయంత్రం మిహాల్ గుట్ట ఎక్కాడు. చెప్పడానికి చాలా ఉంది. ఊరంతా తనను చూసి నవ్విందని ఆమెకు ఎలా చెప్పాలో తెలియలేదు. బతికుంటే ఆమె కూడా ఆ సారాకొట్టు ముందు నిలబడి నవ్వేదేమో అనిపించింది. సమాధి మీద అరచేయి పెట్టి చూశాడు. ఆమె చివరి చలికాలం అంతా పొయ్యిలో బొగ్గు లేదని సణిగింది. మట్టి చల్లగా, తడిగా ఉంది. మంట అంత దూరం రాలేదు. కావాల్సిన చోటికి ఏది మాత్రం వచ్చింది గనక?

సోమవారం అతన్ని శవాల బండిలో ఎక్కించారు. వెనక చాప మీద ఒక్కడే కూర్చున్నాడు, పక్కన మూట, పార, చీపురు. సాగనంపడానికి బెన్నీ ఒక్కడే వచ్చాడు.

"అక్కడ బాగానే చూసుకుంటారులే బాబాయ్. ఇద్దరు మనుషుల ఖరీదు నీది."

"నువ్వు కాళ్లు కదుపుతూ ఉండు," అన్నాడు మిహాల్. అంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు. దారి పొడుగునా పొలాల్లో జనం పని ఆపి, నిలబడి, టోపీలు తీశారు. ఒకావిడ శిలువ గుర్తు వేసుకుంది. మిహాల్ ఎవరినీ వారించలేదు.

కాల్డర్‌లో గస్ ఆమ్‌రైన్ గొడుగు పట్టుకుని గేటు దగ్గరే ఎదురుచూస్తున్నాడు. చేతులు పట్టుకుని దించాడు. గ్యాలరీ కింద గది చూపించాడు. మంచం కొత్తది, పొయ్యి కొత్తది. కిటికీ ఏటి వైపు ఉంది. తరవాత మైదానం చూపించాడు. ఈ చివర నుంచి ఆ చివరకు బూడిద రంగు నీళ్లు. పిచ్చర్ నిలబడే మట్టి దిబ్బ మీద బాతులు కూర్చుని ఈకలు సర్దుకుంటున్నాయి. పాతిక మంది ఆటగాళ్లు, ఇద్దరు గుమాస్తాలు, ఊరి మేయరు, బ్యాండు మేళం వాళ్లు వానలో నిలబడి అతని వైపే చూస్తున్నారు.

"చెప్పు పెద్దాయనా," అన్నాడు ఆమ్‌రైన్ గొంతు తగ్గించి, గుడిలో మాట్లాడినట్టు. "ఎంతసేపట్లో ఆరబెడతావు?"

మిహాల్ నీళ్లను చూశాడు. ఆకాశాన్ని చూశాడు.

"ముందు వాన ఆగాలి."

ఆమ్‌రైన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. వెనక్కి తిరిగి, మనిషి పనిమంతుడే కాదు, హాస్యగాడు కూడానని అందరికీ గట్టిగా చెప్పాడు. అందరూ నవ్వారు. బ్యాండు మేళం వాయించింది.

వాన సెప్టెంబరు దాకా ఆగలేదు.